పొయ్యికి ఎడమపక్క

తెర మీద ముందు ఒక చెయ్యి కనిపించింది. ముఖం తర్వాత వచ్చింది.

ఆ చెయ్యి స్టీలు పళ్లెంలోంచి దొడ్డుప్పు తీసుకుంది. పిడికిలి మూసుకుంది. కూర ఉడుకుతున్న పెద్ద గంజు మీద ఒక్క క్షణం ఆగి, పిట్టలకు నూకలు చల్లినట్టు తేలిగ్గా విచ్చుకుంది. మోచేతి పైదాకా ఉన్న తెల్లగాజులు ఒకదాని మీద ఒకటి జారి, టీవీ బొంగురు స్పీకర్‌లోంచి కూడా గలగలమన్నాయి.

"మోతీబాయి" అన్నాడు జంగయ్య. తెర మీదికి ముఖం ఇంకా రానేలేదు.

పక్కన పీట మీద కూర్చుని పప్పు ఏరుతున్న అతని భార్య జానమ్మ తలెత్తలేదు. "చెయ్యి సూసే గుర్తువట్టినవా?" అంది.

జంగయ్య టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. అతని లోపల ఎక్కడో ఊకకు నిప్పంటుకుంది. ఊక భగ్గున మండదు. పైకి బూడిదలా ఉంటుంది, లోపల లోపల ఎర్రగా నడుస్తుంది.

అది పందొమ్మిది వందల తొంభై ఆరు, వానాకాలం. సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ వెనక సందులో, రేకుల ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం. సినిమా అయిపోయాక తెర మీద నల్లచీమలు, తెల్లచీమలు కాసేపు కొట్లాడుకుంటే, ఆ తర్వాత వంటల పోటీ మొదలయ్యేది. ఊళ్లో కేబుల్ నడిపే మల్సూర్‌కు వచ్చిన ఆలోచన అది. పెళ్లిళ్లు తీసే కెమెరాకు వానాకాలం పని ఉండదు. పెళ్లిళ్లలో వండే మాస్టర్లకూ పని ఉండదు. ఈ రెండింటినీ ఒక చోట కలిపాడు. కోదాడ, మిర్యాలగూడ కేబులోళ్లు కూడా చేతులు కలిపారు. వంటే బతుకుదెరువు అయినవాళ్లు మాత్రమే రావాలి. ఎవరి పొయ్యి దగ్గర వాళ్లు ఒక్కరే వండాలి, ఇంకొకరు గంటె కూడా అందించకూడదు. మసాలాలు ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. గెలిచినవాళ్లకు ఇత్తడి గంటె, 'మూడూళ్ల మాస్టర్' అనే పేరు. క్యాసెట్ ఆదివారం సూర్యాపేటలో ఆడి, కండక్టర్ సంచిలో కోదాడ చేరి, అక్కడినుంచి ఇంకో బస్సెక్కి మిర్యాలగూడ పోయేది. ఒక ఊళ్లో నవ్విన నవ్వు ఇంకో ఊరు చేరడానికి ఒక రోజు పట్టేది.

ముందు ఏ ఊరి పోటీ ఆ ఊళ్లోనే జరిగింది. సూర్యాపేటలో బగారన్నం వండి జంగయ్య గెలిచాడు. కోదాడలో హైవే మీది హోటల్ మాస్టర్ పిచ్చయ్య గెలిచాడు. మిర్యాలగూడలో ఎవరు గెలిచారో చూద్దామని ఆ ఆదివారం టీవీ ముందు కూర్చుంటే, ఆ చెయ్యి కనిపించింది.

*

జంగయ్యకు వంట నేర్పింది లక్ష్మయ్య అనే ముసలి మాస్టర్. నేర్పిన వాటిలో అన్నిటికంటే గట్టిగా నేర్పింది, చేయకూడని పని ఒకటి.

"మంట కాడ ఉండేటోని నాలిక పొగకు మొద్దువారుతది రా. వానికి ఉప్పు తెల్వది. ఉప్పు ఒక్క చెయ్యే వెయ్యాలె. గా చెయ్యి మంట పట్టిన చెయ్యి కావొద్దు."

పెద్ద గంజుల వంటలో అది ప్రాణం లాంటి నియమం. పదిమంది తిరిగే చోట ఒకరు వేశారని తెలియక ఇంకొకరు వేస్తే పెళ్లే పాడవుతుంది. అందుకే జంగయ్య మంట చూసేవాడు, నూనె చూసేవాడు, ముక్క ఉడికిన సంగతి వాసనతోనే చెప్పేవాడు. కూర దగ్గరపడ్డాక మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమపక్కకు తిరిగి చూసేవాడు. అక్కడ ఉప్పుపళ్లెం పట్టుకున్న మనిషి ఉండాలి. గాలి చూసి పొయ్యి తవ్వుతారు కాబట్టి పొగ ఎప్పుడూ కుడికే పోతుంది. ఎడమపక్క నిలబడ్డవాళ్ల నాలుక తేటగా ఉంటుంది.

ఎనభైల మొదట్లో గరిడేపల్లిలో ఒక పెళ్లిలో ఆ ఎడమపక్క మనిషి కల్లు తాగి తడబడ్డాడు. తను వేశాడో లేదో మరిచిపోయి మళ్లీ వేశాడు. నీళ్లబిందె మోసుకుంటూ గంజు పక్కనుంచి పోతున్న ఒక పడుచు ఆగింది. పెన్‌పహాడ్ దగ్గర తండా నుంచి భర్త తావుర్యాతో కలిసి కూలికి వచ్చిన మనిషి. తావుర్యా కట్టెలు కొట్టేవాడు, ఆమె నీళ్లు మోసేది.

"అన్నా, గీ కూరల ఉప్పు రెండుసార్లు పడ్డది" అంది.

"నీకెట్ల తెలుసు?"

"ఆవిరి మూతికి తగిలితె తెలుస్తలేదా?"

ఆ రోజు ఆ కూర ఎవరూ తినలేదు. మరుసటి పెళ్లిలో ఉప్పుపళ్లెం ఆమె చేతికి వచ్చింది. ఆమే మోతీబాయి.

ఆ తర్వాతి కొన్నేళ్లు జంగయ్య జీవితంలో అరిటాకు ఆరకుండా గడిచిన ఏళ్లు. సూర్యాపేట చుట్టుపక్కల యాటకూర, మేకమాంసం వంట అంటే జంగయ్య. పెళ్లివారు లగ్నం పెట్టుకునే ముందు జంగయ్య ఖాళీ ఉన్నాడా అని కనుక్కునేవారు. పంక్తిలోంచి ఎవరో పెద్దమనిషి "ఎవరిదిరా గీ చెయ్యి?" అని గట్టిగా అడిగితే, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని "నాదే దొరా" అనేవాడు. పొయ్యికి ఎడమపక్క మోతీబాయి ఖాళీ పళ్లెం కడుగుతూ ఉండేది. ఏమీ అనేది కాదు. గాజులు మాత్రం చప్పుడయ్యేవి.

తావుర్యాకు మిర్యాలగూడ రైస్‌మిల్లులో హమాలీ పని దొరికినప్పుడు ఆమె వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నవ్వుతూనే ఒక మాట అంది.

"ఇగ పొయ్యొస్త జంగన్నా. నా కూలి నాకు ముట్టింది. నా ఉప్పు మాత్రం నీ పేర్ల కరిగిపోయింది. దాన్ని మల్ల తియ్యొస్తదా?"

ఆ మాట అతనికి పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. నాలుక ఎటు పోయినా దానికే తగిలేది.

తర్వాత ఉప్పుపళ్లెం జానమ్మ పట్టుకుంది. కానీ ఎవరూ ఏమీ అనకముందే ఎడమపక్క నిలబడనంది. "ఆమె నిలవడ్డ తావుల నేనెందుకు నిలవడ్త?" అని కుడిపక్కకు పోయింది. పొగంతా ఆమె ముఖానికే కొట్టేది. కళ్లు నీళ్లు కారుతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఉప్పు వేసేది. బాగానే వేసేది. కానీ ఒకసారి ఒక పెళ్లిపెద్ద చెయ్యి కడుక్కుంటూ పక్కవాడితో "జంగయ్య కూర బాగనే ఉన్నది, గని గా లంబాడామె ఉన్నప్పటి రుచి యాడిది?" అనడం గంజు వెనకనుంచి జంగయ్య విన్నాడు.

ఆ రోజునుంచి మిర్యాలగూడ అనే పేరు వింటే చాలు, అతని నోరు ఎండిపోయేది. అక్కడ మిల్లుల ఎదురుగా తడకల కింద మోతీబాయి హోటల్ పెట్టిందని, జొన్నరొట్టె, యాటకూర తప్ప ఇంకేం వండదని, లారీడ్రైవర్లు ఆకలి ఆపుకుని మరీ ఆమె దగ్గరికే పోతారని బస్టాండులో ఎవరో ఒకరు చెప్పేవారు. చెప్పినవాడు మిర్యాలగూడ బస్సు దిగినవాడైతే, వాడి అంగీకి ఆమె కూర వాసన అంటుకుని ఉందేమోనని జంగయ్య ముక్కు తనకు తెలియకుండానే వెతికేది.

పోటీకి పేరు ఇచ్చింది గంటె కోసం కాదు. ఇన్నేళ్లు జనం మెచ్చుకున్న ఆ రుచి ఎవరిది? తనదా, ఆమెదా? ఒక్కరే వండే చోట, మూడూళ్లు చూసే చోట, అది తేలిపోవాలి.

అయితే ఒక్కరే వండే చోట ఉప్పు కూడా తనే వెయ్యాలి. జంగయ్య జీవితంలో ఉప్పు వేసి ఎరగడు. దానికి జానమ్మ దారి చెప్పింది. వండబోయే దాన్నిబట్టి ఉప్పు కొలిచి, కాగితంలో పొట్లం కట్టి, మసాలా పొట్లాలతోపాటు ఇచ్చింది. "దగ్గరవడ్డంక ఇది ఒంపు. మల్ల ఏం ముట్టకు" అంది. సూర్యాపేట బగారన్నం ఆ పొట్లంతోనే గెలిచింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు.

*

రెండో పోటీ కోదాడలో, చేపల పులుసు. హైవే పక్కన పిచ్చయ్య హోటల్ వెనక జాగాలో పొయ్యిలు పెట్టారు. లారీలు పోయినప్పుడల్లా నేల సన్నగా వణికేది, గంజుల్లో నీళ్లు వలయాలు తిరిగేవి. చీట్లు తీస్తే మోతీబాయి పొయ్యి జంగయ్యకు ఎడమపక్క వచ్చింది.

ఆమెను ఏడేళ్ల తర్వాత చూశాడు. కాస్త లావెక్కింది. చెవుల పక్క వెంట్రుకలకు కట్టుకునే వెండి జుమికీలు అవే. కొత్తగా వచ్చింది ఒకటే, చూపులో ఒక నింపాది. సొంత గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి చూపు. అది చూసి జంగయ్యకు ఒళ్లు మండింది.

"బాగున్నవా జంగన్నా? వదినె మంచిగున్నదా?"

"ఉన్నది" అన్నాడు, కట్టె ఎగదోస్తూ.

పిచ్చయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారెట్‌ను పువ్వులా చెక్కుతున్నాడు. "ఏమండీ మాస్టారూ, మా కోదాడ వచ్చారు గదా, కాస్త నవ్వండి. కెమెరాకి ఉప్పూకారం తెలవదు. పళ్లు తెలుస్తాయి."

"పండ్లు సూపెట్టనీకె నేను దవాఖానకు రాలే."

"అన్న నవ్వితె మంట తగ్గుతదని భయం" అంది మోతీబాయి. అందరూ నవ్వారు. కెమెరా పట్టుకున్న మల్సూర్ కూడా నవ్వాడు, కెమెరా కాస్త ఊగింది.

పులుసు మరిగింది. చేపముక్కలు పడ్డాయి. కాసేపటికి పులుసు రంగు తిరిగి, అంచుల్లో నూనె తేలింది. జంగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎడమకు తిరిగాడు.

అక్కడ మోతీబాయి ఉంది. ఆమె చెయ్యి కూడా సగం దూరం లేచింది. తన పళ్లెం వైపు పోయి, గుప్పెట తెరుచుకుని, అంతలోనే ఎవరో పిలిచినట్టు ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాత పెళ్లిపందిళ్లన్నీ ఆ కాస్త గాలిలోంచి నడిచిపోయాయి.

"అన్నా, నీ ఉప్పు నీ తాననే ఉన్నది" అంది ఆమె చిన్నగా.

జంగయ్య జేబులోంచి పొట్లం తీసి ఒంపాడు. కానీ దేహానికి పడ్డ అలవాటు మాట వినదు. కాసేపటికి మళ్లీ ఎడమకు చూశాడు. దించే ముందు ఇంకోసారి చూశాడు.

"మాస్టారు అటేపు చూస్తే పులుసు తొందరగా ఉడుకుద్దాండీ?" అన్నాడు పిచ్చయ్య. "చెప్పండి, నేను కూడా చూస్తాను."

ఆ నవ్వులన్నీ క్యాసెట్‌లోకి ఎక్కాయి. పోటీలో నిలిచింది మాత్రం జంగయ్య, మోతీబాయి. పిచ్చయ్య తన క్యారెట్ పువ్వును తనే నమిలి తింటూ, "చేపకి అంత ముస్తాబు చేశాను, ఒక్కడూ తేరిపార చూడకుండా మింగేశారండీ" అని వాపోయాడు.

*

ఆదివారం టీవీలో అది వచ్చినప్పుడు ఇంటి నిండా జనం. గడపలో పక్కింటివాళ్లు, కిటికీలో సందులోవాళ్లు. జంగయ్య ఎడమకు తిరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈల వేశారు. తెర మీద అతని కళ్లు, ఆమె కళ్లు, మధ్యలో ఆవిరి. పెళ్లి క్యాసెట్లకు అలవాటుపడ్డ మల్సూర్ ఆ చోట ఊరుకోలేక సన్నాయి పాట కూడా కలిపాడు.

అందరూ పోయాక జానమ్మ టీవీ కట్టేసింది. గుడ్డ తీసి తెర తుడిచింది. మరక పోనట్టు మళ్లీ తుడిచింది.

"గా ఎడమదిక్కు ఏమున్నదయ్యా?"

"ఏం లేదు."

"ఏం లేనిదాన్ని మూడుసార్లు సూస్తరా?"

"అది అలవాటే. ఉప్పు కోసం మళ్లిన."

"ఉప్పు నా పొట్లంల ఉన్నది. పొట్లం నీ అంగిజేబుల ఉన్నది. జేబు కూడ ఎడమపక్కనే ఉంటది గదా. ఒక్కపారి కిందికి సూస్తె కనవడేది."

జంగయ్య చెయ్యి జేబు మీదికి పోయింది.

"గిన్నేండ్లసంది పొగల నిలవడి ఉప్పేస్తున్న" అంది జానమ్మ. "కండ్లు పోతున్నయని దవాఖాన్ల సెప్పిండ్రు. ఒక్కనాడన్న ముందుగాల నా దిక్కు మళ్లినవా? ఎప్పుడు సూసినా ముందు గాడ సూస్తవు. ఎవ్వరు లేకుంటె అప్పుడు నా దిక్కు మళ్లుతవు."

"ఎడమపక్కకు రమ్మంటె రాకపోతివి."

"రమ్మని ఎన్నడన్నవు?"

అతను వెతుక్కున్నాడు. అన్న రోజు గుర్తు రాలేదు. అనలేదు కాబట్టి.

అతనికి విచిత్రంగా తోచింది. తను మోతీబాయిని చూసి రగిలిపోతుంటే, ఆ రగలడమే జానమ్మకు ఇంకోలా కనిపిస్తోంది. చెప్పుకుంటే పోయేది. కానీ చెప్పాలంటే, మోతీబాయి చేతి రుచి తనకు లేదేమోనని భయపడుతున్నానని ఒప్పుకోవాలి. ఆ మాట కంటే జానమ్మ అనుమానమే తేలిక అనిపించింది. తువ్వాల భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

చివరి పోటీ రోజున మసాలా పొట్లాలన్నీ సంచిలో పెట్టి జానమ్మ గడపలో నిలబడింది. జంగయ్య వేళ్లతో తడిమి చూశాడు. ధనియాలు, గసగసాలు, కొబ్బరి, చెక్కాలవంగాలు.

"ఉప్పేది?"

"ఎడమదిక్కున అడుగు" అంది జానమ్మ, లోపలికి పోతూ.

ఒక్క మాట బతిమాలితే ఇచ్చేదే. జంగయ్య సంచి భుజానికి తగిలించుకుని బస్టాండుకు నడిచాడు.

*

మిర్యాలగూడ మిల్లు ఆవరణలో గాలి నిండా ఉడికిన వడ్ల వాసన. ఆరబోసిన ధాన్యం మీద ఎండ పడి, కళ్లమంతా బంగారు నీళ్లు నిలిచినట్టుంది. బస్తాల మీద కూర్చుని హమాలీలు చూస్తున్నారు. పోటీ అయ్యాక ఆ కూరతో వాళ్లకు భోజనం పెడతానని మిల్లు యజమాని మాట ఇచ్చాడు. అందుకని ఒక్కొక్క పొయ్యి మీద పెద్ద గంజే పెట్టారు. యాటకూర. రెండు పొయ్యిల దగ్గరా ఒకే తూకం మాంసం. ఒక్కొక్కరికి స్టీలు పళ్లెం నిండా దొడ్డుప్పు.

మోతీబాయి మళ్లీ ఎడమపక్కే.

"జంగన్నా, కట్టెలు నేనే కొట్టిన. మంచిగ మండుతయి సూడు" అన్నాడు తావుర్యా, బస్తా మీదనుంచి. పాత చనువుతో అన్నాడు. జంగయ్యకు అది కూడా ఎగతాళిలా వినిపించింది. ఇక్కడి కట్టెలు వాళ్లవి, చూసే జనం వాళ్ల జనం, చివరికి గాలి కూడా ఆమె పొయ్యి నుంచి వచ్చి తన ముఖాన పొగ కొడుతోంది. జానమ్మ ఇన్నేళ్లు నిలబడ్డ చోటు ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. కళ్లు మండాయి. పట్టించుకోలేదు.

మంట విషయంలో జంగయ్యను కొట్టేవాడు లేడు. ఉల్లిగడ్డ ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. ముక్క నూనెలో మగ్గి, నీళ్లు ఊరి, ఆ నీళ్లు మళ్లీ ముక్కలోకి పోయేదాకా ఓపిక పట్టాడు. గసగసాల ముద్ద పడగానే హమాలీల్లో ఎవడో గాలి గట్టిగా పీల్చాడు. అది జంగయ్య విన్నాడు. గెలుస్తున్నాననుకున్నాడు.

కూర దగ్గరపడింది. కాలు తనంతట తనే వెనక్కి పోయింది. మెడ తనంతట తనే ఎడమకు తిరిగింది.

మోతీబాయి ఈసారి అతని వైపు చూడటం లేదు. తన గంజు మీదికి వంగి ఉంది. ఆమె చెయ్యి పళ్లెంలోకి పోయింది.

జంగయ్య ఎదురుగా ఉప్పు కుప్ప. నాలుక మీద పొగ. గంటె అంచుకు అంటిన రసం ఒక చుక్క నాకి చూశాడు. బూడిద తగిలినట్టు తగిలింది, అంతే. ఉందో లేదో, ఎంత కావాలో ఏమీ తెలియలేదు. జీవితమంతా ఇంకొకరి నాలుక మీద నిలబడ్డ మనిషి, అప్పటికప్పుడు తన నాలుకను ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు?

అప్పుడు తోచింది. మాంసం ఒకే తూకం. గంజు ఒకే కొలత. ఆమె ఎన్ని పిడికిళ్లు వేస్తే అన్ని వేస్తే సరి. ఇన్నేళ్లు ఆమె ఉప్పు తన పేరులో కరిగిందన్నది గదా, ఇంకొక్కసారి కరగనీ, ఎవరికి తెలుస్తుంది?

మోతీబాయి ఒక పిడికెడు వేసింది. అతను ఒక పిడికెడు వేశాడు. ఆమె రెండోది వేసింది. అతను వేశాడు. ఆమె కొంచెం ఆగి, ఆవిరికి ముఖం పట్టి, మూడోది వేసింది. అతనూ ఆవిరికి ముఖం పట్టినట్టు చేసి మూడోది వేశాడు. ఎంత దొంగతనంగా చూశాడో అంత నింపాదిగా నటించాడు.

రుచి చూడటానికి ముగ్గురు వచ్చారు. జంగయ్య కూర ముందు తిన్నారు. ఒకాయన ముక్క నోట్లో పెట్టుకుని, దవడ ఆపి, పక్కాయన వైపు చూశాడు. పక్కాయన మజ్జిగ అడిగాడు. మూడో ఆమె మర్యాదకు మింగి, చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. మల్సూర్ కెమెరా ఆ ముఖాల మీదే నిలిచింది.

మోతీబాయి కూర ముక్క మిగల్చకుండా తిన్నారు. మళ్లీ పెట్టమని పళ్లేలు చాపారు.

ఇత్తడి గంటె ఆమె చేతికి ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. హమాలీలు బస్తాలు చరిచారు. జంగయ్య చప్పట్లు కొట్టలేదు. గంటె కాడ వైపే చూస్తూ ఉండిపోయాడు. అది లావు కాడ. మోతీబాయి పిడికిలి దాన్ని చుట్టలేకపోతోంది. వేళ్లకూ అరచేతికీ మధ్య ఎంతో సందు మిగిలింది. చిన్న చెయ్యి. ఆడపిల్ల చెయ్యంత చిన్నది.

జంగయ్య తన చెయ్యి చూసుకున్నాడు. పెద్ద గంజులు దించి దించి చేటలా విచ్చుకున్న చెయ్యి. ఇందులో పట్టిన ఒక్క పిడికెడు ఆమె పిడికెడుకు ఎన్ని రెట్లు?

ఇన్నేళ్లు ఆ చేతిని చూసి ఏడ్చాడు. దాని సైజు మాత్రం ఎన్నడూ చూడలేదు.

*

పోటీ అయిపోయింది గానీ హమాలీల ఆకలి అవలేదు. ఆమె గంజు సగం మందికి కూడా చాలదు. జంగయ్య గంజు ఎవరూ ముట్టడం లేదు. అతను సంచి సర్దుకుంటుంటే మోతీబాయి వచ్చింది. అతని గంజు మూత తీసి, ఆవిరికి ముఖం పెట్టి, "యాడీ!" అని తల్లిని తలుచుకుంది. నవ్వలేదు.

"కూర మంచిగ ఉడికింది అన్నా. పారవొయ్యొద్దు. నా హోటల్ల పప్పు ఉడికి ఉన్నది, ఉప్పు వెయ్యలే. సొరకాయ ఉన్నది. దాల్చ జేద్దాం. నువ్వు మంట వట్టు."

వద్దనడానికి నోరు తెరిచాడు. హమాలీలు అప్పటికే పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కూర్చుని మంట పట్టాడు. పప్పు వచ్చి పడింది, సొరకాయ ముక్కలు పడ్డాయి, చింతపులుసు పడింది. అతని ఉప్పు ఆ పప్పంతటికీ సరిపోయింది. ఒక్క రవ్వ కూడా కొత్తగా వెయ్యనక్కర్లేకపోయింది. వంట దగ్గరపడినప్పుడు అతను అడుగు వెనక్కి వేసి ఎడమకు చూశాడు. మోతీబాయి ఆవిరి చూసి తలూపింది.

బువ్వలో దాల్చ పోసుకుని ఒక ముసలి హమాలీ గట్టిగా అడిగాడు. "ఎవరిదే మోతీ గీ చెయ్యి?"

"జంగన్నది" అంది మోతీబాయి, ఇంకొకరి పళ్లెంలో వడ్డిస్తూ. గాజులు చప్పుడయ్యాయి. అంతే.

జంగయ్యకు ఆమె గెలిచినప్పుడు అంత మండలేదు. గంటె తీసుకున్నప్పుడు అంత మండలేదు. ఇప్పుడు మండింది. తను అన్నేళ్లు ఒక్కసారి కూడా అనలేని మాటను ఆమె గంటెడు దాల్చ పోసినంత తేలిగ్గా పోసేసింది. ఆమెకు రుచి ఎక్కడినుంచి వచ్చిందోనని ఇన్నాళ్లూ కుళ్లుకున్నాడు. ఈ ధారాళం ఎక్కడినుంచి వచ్చిందో మరి.

క్యాసెట్ చప్పట్ల దగ్గరే అయిపోయింది. దాల్చ సంగతి టీవీలో రాలేదు. మూడూళ్లు చూసింది మజ్జిగ అడిగిన ముఖాన్నే.

జానమ్మ కూడా అదే చూసింది. ఆ ఆదివారం తలుపు వేసుకుని ఇద్దరే చూశారు. తెర మీద జంగయ్య ఎడమకు తిరిగాడు. ఈసారి జానమ్మ అతని కళ్లు ఎక్కడున్నాయో చూసింది. మోతీబాయి ముఖం మీద కాదు. పిడికిలి మీద. ఆమె వేస్తే ఇతను వేస్తున్నాడు, ఆమె ఆగితే ఇతను ఆగుతున్నాడు. పెద్దోడి పలక చూసి రాసుకునే పిల్లాడిలా ఉన్నాడు.

క్యాసెట్ అయిపోయేదాకా జానమ్మ తెర మీదనుంచి కళ్లు తియ్యలేదు.

"ఉప్పు కోసమేనా?" అంది చివరికి.

"ఇంకేమనుకున్నవ్ మరి?"

"ఏమనుకున్ననో నీకెందుకు? పొట్లం ఇయ్యకపోతి, నా తప్పే" అంటూనే ఆమె మూతి బిగించి లేచింది. ఆమె వీపు నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు.

*

వానాకాలం పోయింది. లగ్గాలు మొదలయ్యాయి. కొందరు జంగయ్యను వదిలేశారు, కొందరు పాత నమ్మకం మీద వచ్చారు. పెన్‌పహాడ్‌లో సైదయ్య అనే రైతు బిడ్డ పెళ్లి. జంగయ్య గాలి చూసి పొయ్యి తవ్వాడు. కుడిపక్కకు పోబోతున్న జానమ్మను చూసి, కట్టెలు పేర్చుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఎడమపక్కకు రా."

ఆమె ఉప్పుపళ్లెం పట్టుకుని కాసేపు ఆలోచించింది. పొయ్యి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమపక్క నేలను ఒకసారి పాదంతో తుడిచి, నిలబడింది.

కూర దగ్గరపడ్డాక అతను తిరిగాడు. జానమ్మ ఉంది. పొగలేని ముఖం. కళ్లు తేటగా ఉన్నాయి. ఆ కళ్లు అంత నల్లగా ఉంటాయని అతను మరిచిపోయాడు. ఆమె చెయ్యి లేచి, ఆగి, విచ్చుకుంది.

పంక్తి నడిచింది. సైదయ్య వేళ్లు నాక్కుంటూ గంజుల దగ్గరికే వచ్చాడు. "జంగన్నా, ఎవరిదే గీ చెయ్యి?"

నాదే అనే మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. దాన్ని వెనక్కి నెట్టడం జంగయ్యకు నిండు గంజు ఒంటిచేత్తో దించినంత కష్టమైంది. ఆ రోజు మోతీబాయి ఎంత తేలిగ్గా అన్నదో గుర్తొచ్చి ఇంకా కష్టమైంది.

"మంట నాది" అన్నాడు. "ఉప్పు మా ఆమెది."

జానమ్మ పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయింది.

"అట్లనా!" అన్నాడు సైదయ్య, సంబరంగా. "గందుకే మరి. నేను మొన్న బియ్యం లారీ ఎంబడి మిర్యాలగూడ పోయి, గా టీవీల గెల్సినామె తాన తిన్న. అచ్చం గామె ఉప్పు లెక్కనే పడ్డదమ్మా నీకు!"

ఉప్పుపళ్లెం ఠంగున నేల మీద పడింది. గింజలు మట్టిలో చెల్లాచెదురయ్యాయి. సైదయ్య ఏం తప్పు మాట్లాడాడో తెలియక ఇద్దరి ముఖాలూ చూసి, మెల్లగా పంక్తి వైపు నడిచాడు.

జానమ్మ ముఖం ఎర్రబడింది. పెదవులు బిగుసుకున్నాయి. జంగయ్య ఆ ముఖాన్ని గుర్తుపట్టాడు. ఇన్నేళ్లు తన లోపల మోసింది అదే. పైకి బూడిద, లోపల ఎరుపు. ఇంట్లో ఇద్దరి దగ్గరా అదే నిప్పు ఉందని, ఒకరి పొయ్యి ఒకరికి తెలియకుండా రాజుకుంటోందని అతనికి ఇప్పుడు కనిపించింది.

కూర్చుని, మట్టిలోంచి ఉప్పుగింజలు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వెయ్యసాగాడు.

"అవెందుకు ఏరుతున్నవ్? మట్టి అంటింది" అంది జానమ్మ కోపంగా.

"నీకంటె మంచిగేస్తదా ఆమె?" అన్నాడు జంగయ్య, తల ఎత్తకుండా.

"నన్నెందుకు అడుగుతున్నవ్? నువ్వే సెప్పాలె."

జంగయ్య నాలుక మీద పొగ తప్ప ఏమీ లేదు.

"నాకు తెల్వదు జానా" అన్నాడు. "ఉప్పు రుచి నాకు ఎన్నడు తెల్వలే. గదే నా ఏడుపు."

జానమ్మ అతని వైపు చూసింది. తర్వాత వంగి, చెంగుతో పళ్లెం తుడిచి, కొత్త ఉప్పు పోసుకుని, మళ్లీ పొయ్యికి ఎడమపక్క వచ్చి నిలబడింది. రెండో గంజు ఉడకడం మొదలైంది.